తయారీ ప్రక్రియలు ఒంటబట్టాలంటే: ఒక్క పార్టు పట్టుకుని మొదలుపెట్టండి

మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లలో చాలామందికి తయారీ ప్రక్రియల పేర్లు కొట్టిన పిండే. పోత, ఫోర్జింగ్, మిల్లింగ్, ఈడీఎం (విద్యుత్ రవ్వలతో లోహం కోయడం), లేజర్ కటింగ్, 3డీ ప్రింటింగ్ అంటూ గడగడా చెప్పేస్తారు. అదే చేతికి ఒక డ్రాయింగ్ ఇచ్చి "దీన్ని ఎలా చేస్తావ్? ముందు ఏ ముఖం కోస్తావ్?" అని అడిగితే నోరు పెగలదు. తప్పు వాళ్లది కాదు. సిలబస్ ఈ ప్రక్రియలను యూనిట్లుగా విడగొట్టి పెడుతుంది. షాప్ ఫ్లోర్ మీద పార్టుకు ఆ యూనిట్లతో పనిలేదు. అది పోతలో పుట్టి, మిల్లింగ్‌లో ఆకారానికి వచ్చి, బోరింగ్‌లోనో గ్రైండింగ్‌లోనో సైజుకు చేరి, చివరికి కొలత దగ్గర పాసో ఫెయిలో అవుతుంది.

అందుకే ఇక్కడ వరస మార్చాను. ఒకే పార్టును వెంటబెట్టుకుని ఆధునిక ప్రక్రియలన్నిటి గుండా నడుద్దాం. నేను ఎంచుకున్నది 6205 బాల్ బేరింగ్ కూర్చునే హౌసింగ్. ఆ బేరింగ్ లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. హౌసింగ్ అంటే అల్యూమినియం దిమ్మ: మధ్యలో 52 మి.మీ. బోర్ (బేరింగ్ కూర్చునే గుండ్రటి రంధ్రం), కింద చదునైన అడుగు, నాలుగు బోల్టు రంధ్రాలు. చూడ్డానికి ఇంతే. కానీ తయారీలో నేర్చుకోవాల్సిన చిక్కులు చాలావరకు ఇందులోనే ఉన్నాయి.

మెట్టు 1: డ్రాయింగ్ మీరే గీయండి, ప్రతి టాలరెన్స్‌కూ కారణం చెప్పండి

ఏ క్యాడ్ సాఫ్ట్‌వేర్ అయినా ఫరవాలేదు. ఫ్రీక్యాడ్ ఉచితం, దీనికి చాలు. మోడల్ గీయడం ఒక పూట పని. అసలు పని 2డీ డ్రాయింగ్ దగ్గర మొదలవుతుంది.

బోర్‌కు 52 హెచ్7 అని రాయండి. ఐఎస్ఓ పట్టికలో దాని అర్థం 52.000 నుంచి 52.030 వరకు, అంటే 30 మైక్రాన్ల వెసులుబాటు. ఈ వెసులుబాటే టాలరెన్స్, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. బయటి రింగు చేత్తో నెడితే లోపలికి జారాలి, వదులుగా ఊగకూడదు. అందుకే ఈ ఫిట్. ఇక అడుగు పొడవు, వెడల్పు? వాటికి ప్లస్ ఆర్ మైనస్ 0.2 ఇచ్చినా ఏ నష్టమూ లేదు, అవి దేనికీ తగలవు. బోర్ అక్షం అడుగుకు సమాంతరంగా ఉండటం మాత్రం ముఖ్యం. లేకపోతే షాఫ్ట్ వంకరగా కూర్చుని బేరింగ్ తొందరగా పోతుంది. కాబట్టి అడుగును డేటమ్ ఏ (మిగతా కొలతలకు ఆధారమైన ముఖం) అని పెట్టి, బోర్ అక్షానికి 0.02 సమాంతరత రాయండి.

కొత్తవాళ్లు సాధారణంగా చేసే పని అన్ని కొలతలకూ ప్లస్ ఆర్ మైనస్ 0.01 కొట్టేయడం. "ఎందుకైనా మంచిది" అనుకుంటారు. ఆ జాగ్రత్త వల్ల మామూలు మిల్లింగ్‌తో అయిపోయే పార్టు గ్రైండింగ్ దాకా వెళ్తుంది, ఖర్చు అనవసరంగా పెరుగుతుంది. ప్రతి టాలరెన్స్ పక్కన పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాయండి: ఇది తప్పితే ఏం పాడవుతుంది? జవాబు దొరకని టాలరెన్స్‌ను వదులు చేయండి. జామితీయ టాలరెన్సులకు ఐఎస్ఓ 1101, ఏఎస్ఎంఈ వై14.5 అనే రెండు ప్రమాణాలు ఉన్నాయి. మొదట సమతలత, లంబత, సమాంతరత, పొజిషన్ అనే నాలుగు గుర్తులు వస్తే చాలు.

మెట్టు 2: చేయడానికి ముందు కొలవడం నేర్చుకోండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. నన్నడిగితే మొత్తం దారిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. కొలవడం రానివాడికి తను చేసినది మంచిదో చెడ్డదో తెలియదు. అది తెలియనప్పుడు ఎన్ని పార్టులు చేసినా నేర్చుకునేది ఉండదు.

మామూలు వెర్నియర్ లీస్ట్ కౌంట్ (చూపగల అతి చిన్న తేడా) 0.02 మి.మీ., అంటే 20 మైక్రాన్లు. మన బోర్ టాలరెన్స్ మొత్తం 30. ఆ పనిముట్టుతో ఈ బోర్‌ను పాస్ చేయడమంటే గుడ్డిగా సంతకం పెట్టడమే. టాలరెన్స్‌లో పదో వంతు తేడాను చూపగల పనిముట్టు ఉండాలన్నది పాత సూత్రం, ఇప్పటికీ పనికొచ్చేదే. ఇక్కడ 3 మైక్రాన్లు చూపాలి కాబట్టి మైక్రాన్ డయల్ ఉన్న బోర్ గేజ్ కావాలి. దాన్ని రింగ్ గేజ్‌తో (వ్యాసం కచ్చితంగా తెలిసిన ఉంగరం) సున్నాకు సెట్ చేసి, బోర్‌లో పెట్టి, అక్షం దిశలో మెల్లగా అటూ ఇటూ ఊపాలి. ముల్లు ఒక చోటిదాకా వెళ్లి వెనక్కి తిరుగుతుంది. అలా తిరిగేచోట వచ్చే అతి తక్కువ కొలతే వ్యాసం. పైన, కింద రెండు లోతుల్లో, ఒక్కో లోతులో రెండు మూడు దిశల్లో కొలవండి. ఒక్కచోట కొలిచి వదిలేస్తే బోర్ కోసుగా ఉందో, కోడిగుడ్డు ఆకారంలో ఉందో తెలియదు.

ఇక్కడ ఒక మాయ ఉంది. పలచని గోడ ఉన్న గుండ్రటి పార్టును మూడు దవడల చక్‌లో గట్టిగా బిగించి బోర్ చేశారనుకోండి. బిగించి ఉన్నంతసేపూ బోర్ చక్కగా గుండ్రంగానే ఉంటుంది. చక్ వదిలిన క్షణంలో గోడ తన అసలు ఆకారానికి తిరిగి, బోర్ మూడు మూలల ఆకారానికి వస్తుంది. రెండు బిందువుల బోర్ గేజ్‌తో ఎన్ని దిశల్లో కొలిచినా వ్యాసం ఇంచుమించు ఒకేలా చూపిస్తుంది, ఎందుకంటే ఒక ఉబ్బుకు ఎదురుగా ఎప్పుడూ ఒక నొక్కు ఉంటుంది. గేజ్ పాస్ అంటుంది, బేరింగ్ మాత్రం మూడు చోట్లే పట్టుకుంటుంది. దీన్ని పట్టాలంటే మూడు బిందువుల బోర్ మైక్రోమీటర్ గానీ, గుండ్రదనం కొలిచే మెషీన్ గానీ, సీఎంఎం (బిందువులను తాకుతూ కొలిచే యంత్రం) గానీ కావాలి. "కొలత కరెక్టే, కానీ ఫిట్ కావట్లేదు" అనే గొడవ వచ్చినప్పుడు ముందు అనుమానించాల్సినవాటిలో ఇదొకటి.

రెండో శత్రువు వేడి. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. అల్యూమినియం ఒక డిగ్రీకి మీటరుకు సుమారు 23 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. మెషీన్ మీంచి అప్పుడే తీసిన హౌసింగ్ 35 డిగ్రీల వేడితో ఉందంటే, 52 మి.మీ. బోర్ దాదాపు 18 మైక్రాన్లు పెద్దదిగా కనిపిస్తుంది. టాలరెన్స్‌లో సగం కంటే ఎక్కువ అక్కడే పోయింది. చల్లారాక కొలవండి. మంచి ఇన్‌స్పెక్షన్ గదుల్లో పార్టును గ్రానైట్ బల్ల మీద చాలాసేపు వదిలేసేది ఇందుకే.

సాధన ఇలా చేయండి. ఒకే పార్టును పదిసార్లు కొలిచి, ప్రతిసారీ పనిముట్టు తీసి మళ్లీ పెట్టి, అంకెలు రాసుకోండి. తర్వాత మీ స్నేహితుడితో అదే చేయించండి, మీ అంకెలు అతనికి చూపకుండా. ఇద్దరి మధ్య ఎంత తేడా వచ్చిందో చూస్తే మీ చేతి నాణ్యత మీకే తెలుస్తుంది. పరిశ్రమలో గేజ్ ఆర్ అండ్ ఆర్ అని చేసే పరీక్షకు మూలం ఇదే.

మెట్టు 3: ప్రతి ప్రక్రియనూ నాలుగు ప్రశ్నలు అడగండి

వందల ప్రక్రియలను గుర్తుపెట్టుకోవడం అయ్యే పని కాదు. కొత్త ప్రక్రియ ఏది ఎదురైనా ఇవి అడగండి. ఆకారం ఎక్కడినుంచి వస్తోంది, అచ్చునుంచా, టూలు నడిచే దారినుంచా? పదార్థం ఏ స్థితిలో ఉంది: ద్రవమా, పొడా, వంగే ఘనమా, తెగిపోయే ఘనమా? వేడి ఎక్కడికి పోతోంది? పని అయ్యాక పార్టులో ఏం మిగిలిపోతోంది?

నాలుగోదే అసలైన ప్రశ్న. పోతలో గాలి బుడగలు, కుంచించుకుపోయిన బొక్కలు మిగులుతాయి. వెల్డింగ్‌లో వేడి తగిలి గుణం మారిన జోన్, లోపల ఇరుక్కున్న ఒత్తిళ్లు మిగులుతాయి. మిల్లింగ్‌లో అంచున బర్, అంటే పొడుచుకొచ్చిన లోహపు అంచు, మిగులుతుంది. షీట్ మెటల్ వంచినప్పుడు స్ప్రింగ్‌బ్యాక్, అంటే 90 డిగ్రీలకు వంచి వదిలితే కాస్త వెనక్కి విచ్చుకుంటుంది. తర్వాతి ప్రక్రియ చేసేది చాలాసార్లు ముందు ప్రక్రియ వదిలిన చెత్తను సర్దడమే.

ఈడీఎంకు ఈ ప్రశ్నలు వేసి చూడండి. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలు లజరెంకో దంపతులు, నిప్పురవ్వలు స్విచ్ కాంటాక్టులను తినేయడాన్ని అధ్యయనం చేస్తూ, అదే అరుగుదలను లోహం కోయడానికి వాడుకోవచ్చని గ్రహించారు. ఆకారం ఎలక్ట్రోడ్ నుంచి గానీ, వైర్ నడిచే దారినుంచి గానీ వస్తుంది. రవ్వ తగిలినచోట లోహం కరిగి ఆవిరైపోతుంది. కాబట్టి పదార్థం ఎంత గట్టిదన్నది లెక్కలోకి రాదు, విద్యుత్ వాహకమైతే చాలు. మిగిలేది ఏమిటి? ఉపరితలం మీద కరిగి మళ్లీ గడ్డకట్టిన పలచని పెళుసు పొర. అచ్చుకు అయితే పాలిష్ చేసి వదిలేయవచ్చు. మళ్లీ మళ్లీ లోడ్ పడే పార్టుకు మాత్రం అక్కడే పగులు మొదలవుతుంది, ఆ పొరను తీసేయాల్సిందే. నాలుగు ప్రశ్నలతో ఈడీఎం ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో రెండూ తేలిపోయాయి.

వాటర్‌జెట్‌లో వేడి దెబ్బ దాదాపు ఉండదు, కానీ మందపాటి ప్లేటులో కోత అంచు కాస్త ఏటవాలు అవుతుంది. లేజర్‌లో తరంగదైర్ఘ్యం చూడండి: ఫైబర్ లేజర్ సుమారు 1 మైక్రాన్, కార్బన్ డయాక్సైడ్ లేజర్ 10.6 మైక్రాన్లు. లోహాలు మొదటిదాన్ని బాగా పీల్చుకుంటాయి, చెక్క, యాక్రిలిక్ రెండోదాన్ని. షీట్ మెటల్ షాపులు ఫైబర్ వైపు మళ్లడానికి ఇదొక పెద్ద కారణం.

మెట్టు 4: చిప్‌ను చదవండి

సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషీన్) బటన్ల మీదకు ఎగబడే ముందు మామూలు లేత్ మీద కొంతకాలం పనిచేయండి. హ్యాండ్ వీల్ తిప్పుతుంటే కోత బరువు చేతికి తెలుస్తుంది. స్పీడ్ పెంచితే శబ్దం ఎలా మారుతుందో చెవికి పడుతుంది. సీఎన్‌సీలో తలుపు మూసి ఉంటుంది, ఆ అనుభవం దొరకదు.

మెషీన్ దగ్గరకు వెళ్లేముందు: కళ్లద్దాలు తప్పనిసరి. తిరిగే మెషీన్ దగ్గర గ్లవ్స్ వద్దు, వేలాడే చొక్కా చేతులు, మెడలో గొలుసు వద్దు, జుట్టు కట్టుకోవాలి. చక్ కీని చక్‌లో వదిలి చెయ్యి తీయకూడదు. చిప్‌లను (కోతలో వచ్చే లోహపు పీలికలను) చేత్తో లాగకూడదు, కొక్కెం లేదా బ్రష్ వాడాలి. వీటిలో మినహాయింపులు లేవు.

కోత అంటే కత్తితో గీరడం కాదు. టూలు ముందు ఉన్న లోహం పేకముక్కల కట్టను పక్కకు తోసినట్టు ఒక ఏటవాలు తలం మీద పొరలు పొరలుగా జారి చిప్ అవుతుంది. అందుకే చిప్ ఎప్పుడూ మనం కోసిన మందం కంటే లావుగా ఉంటుంది. వేడిలో ఎక్కువ భాగం ఆ చిప్‌తోనే బయటకు పోవాలి. అలా పోకపోతే టూలులోకి, పార్టులోకి ఎక్కుతుంది.

స్పీడు లెక్క ఒక్కసారి చేతితో చేయండి. కటింగ్ స్పీడ్ నిమిషానికి మీటర్లలో, వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుంటే, ఆర్‌పీఎం అంటే కటింగ్ స్పీడ్‌ను 1000తో గుణించి, వ్యాసానికి పై (3.14) రెట్లతో భాగించడం. మన 52 మి.మీ. బోర్‌కు కార్బైడ్ ఇన్సర్ట్‌తో (టూలు కొనకు బిగించే గట్టి కోత ముక్క) నిమిషానికి 250 మీటర్లు తీసుకుంటే దాదాపు 1530 ఆర్‌పీఎం వస్తుంది. ఫీడ్, అంటే టూలు ముందుకు జరిగే దూరం, చుట్టుకు 0.1 మి.మీ. అయితే టూలు నిమిషానికి 153 మి.మీ. నడుస్తుంది. 20 మి.మీ. లోతు బోర్ ఎనిమిది సెకన్లలోపే అయిపోతుంది. ఈ చివరి అంకె చూశాక చాలామంది ఆశ్చర్యపోతారు. సమయమంతా కోతలో పోదు, బిగించడంలో, సెట్ చేయడంలో, కొలవడంలో పోతుంది.

స్పీడ్ పెంచితే? 1907లో ఎఫ్.డబ్ల్యూ. టేలర్ ప్రకటించిన సూత్రం ప్రకారం, టూలు ఆయుష్షును ఒక ఘాతానికి ఎత్తి కటింగ్ స్పీడ్‌తో గుణిస్తే స్థిరాంకం వస్తుంది. కార్బైడ్‌కు ఆ ఘాతం సుమారు 0.25 అనుకుంటే, స్పీడ్ 20 శాతం పెంచగానే ఆయుష్షు సగానికి పడిపోతుంది. "కాస్త స్పీడ్ పెంచితే ఏమవుతుందిలే" అన్నదానికి జవాబు అది.

ఫీడ్ విషయం వేరు. అది ఉపరితలాన్ని నిర్ణయిస్తుంది. సిద్ధాంతంలో గరుకుదనం ఎత్తు ఫీడ్ వర్గాన్ని, నోస్ రేడియస్‌కు (టూలు మొన గుండ్రదనపు వ్యాసార్థం) ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది. 0.8 మి.మీ. నోస్, 0.2 ఫీడ్‌కు 6.25 మైక్రాన్లు, ఫీడ్ సగం చేసి 0.1 పెడితే సుమారు 1.6 మైక్రాన్లు. ఫీడ్ సగమైతే గరుకు నాలుగో వంతు. అలాగని ఫీడ్‌ను మరీ తగ్గిస్తే అంచు కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది, ఉపరితలం మళ్లీ పాడవుతుంది.

ఇప్పుడు చిప్ చేతికి తీసుకోండి, చల్లారాకే. పొట్టిగా, సున్నాలా, కామాలా విరిగి పడుతుంటే ఫీడ్, ఇన్సర్ట్ ఆకారం సరిపోయాయి. రిబ్బన్‌లా పొడవుగా వచ్చి పార్టుకు చుట్టుకుంటుంటే ఫీడ్ తక్కువ, లేదా చిప్‌బ్రేకర్ (చిప్‌ను విరగ్గొట్టే గాడి) ఆ పదార్థానికి తగినది కాదు. హైస్పీడ్ స్టీల్ టూలుతో ఉక్కు కోస్తుంటే చిప్ నీలంగా మారిందా, స్పీడ్ తగ్గించండి. కార్బైడ్‌తో అయితే నీలం చిప్ మామూలే. ఇన్సర్ట్ అంచును భూతద్దంలో చూడండి. అల్యూమినియం కోసినప్పుడు అంచు మీద వెండి రంగు బుడిపె అంటుకుని ఉంటే అది బిల్టప్ ఎడ్జ్. లోహం టూలుకు అతుక్కుని, కాసేపటికి ఊడి, ఊడినప్పుడల్లా పార్టు మీద చిరుగు వదులుతుంది. దానికి మందు స్పీడ్ పెంచడం, పాలిష్ చేసిన పదునైన ఇన్సర్ట్ వాడటం, కూలెంట్ సరిగ్గా తగిలేలా చూడటం.

కీచుమనే శబ్దం వస్తే అది ఛాటర్, అంటే టూలు కంపించడం. బోరింగ్ బార్ బయటకు ఎంత పొడుచుకు వచ్చిందో చూడండి. బార్ వంగడం దాని పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, పొడవు సగం చేస్తే వంపు ఎనిమిదో వంతు అవుతుంది. ఉక్కు బార్ అయితే దాని వ్యాసానికి నాలుగు రెట్ల కంటే ఎక్కువ బయటకు రానివ్వకండి. స్పీడ్, ఫీడ్ అంటూ తిప్పలు పడేముందు ఈ ఒక్కటి సరిచేస్తే చాలాసార్లు సమస్య తీరిపోతుంది.

మెట్టు 5: సీఎన్‌సీ, ముందు చేత్తో రాసిన ప్రోగ్రామ్‌తో

అంకెలతో నడిచే మిల్లింగ్ మెషీన్‌ను ఎంఐటీలో 1952లో ప్రదర్శించారు. హెలికాప్టర్ రెక్కల వంపులకు చేత్తో లెక్కలు వేయడం తలకు మించిన పనై జాన్ పార్సన్స్ మొదలుపెట్టిన ఆలోచన అది. ఇప్పుడు క్యామ్ (మోడల్ నుంచి మెషీన్ ప్రోగ్రామ్ తయారుచేసే) సాఫ్ట్‌వేర్ ఒక్క క్లిక్కుతో వేల లైన్లు రాసిస్తుంది. అయినా మొదటి ప్రోగ్రామ్ మీరే రాయండి. నాలుగు బోల్టు రంధ్రాలకు ఇరవై లైన్లు చాలు. జీ00 అంటే కోత లేకుండా వేగంగా జరగడం, జీ01 అంటే ఇచ్చిన ఫీడ్‌తో నేరుగా కోయడం, జీ02, జీ03 వంపులు, జీ90 అంటే కొలతలన్నీ సున్నా బిందువు నుంచి. జీ54 వర్క్ ఆఫ్‌సెట్, అంటే పార్టు సున్నా ఎక్కడుందో మెషీన్‌కు చెప్పడం.

కొత్తవాళ్ల క్రాష్‌లలో చాలావరకు కోడ్ వల్ల కాదు, ఆఫ్‌సెట్ల వల్ల జరుగుతాయి. టూలు పొడవు తప్పు నంబరులో ఎక్కించడం, పాత జాబ్ జీ54ను మార్చడం మర్చిపోవడం. ఇంకొకటి, కొన్ని కంట్రోలర్లలో దశాంశ బిందువు లేకుండా 50 అని కొడితే 50 మైక్రాన్లు అని అర్థం చేసుకుంటాయి. 50 పక్కన చుక్క పెట్టడం చిన్న అలవాటే, కానీ టూలును కాపాడుతుంది. కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చూడండి, తర్వాత పార్టుకు బాగా పైన గాలిలో నడపండి, ఆ తర్వాత సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో లైన్ నడిపి ఆగే పద్ధతి), ర్యాపిడ్ వేగాన్ని బాగా తగ్గించి, చెయ్యి ఫీడ్ హోల్డ్ బటన్ మీద పెట్టి మొదటి పార్టు. మెషీన్ అందుబాటులో లేనివాళ్లు ఫ్రీక్యాడ్‌లోని క్యామ్ విభాగం, లైనక్స్‌సీఎన్‌సీ సిమ్యులేటర్‌తో ఇంట్లోనే చాలాదూరం వెళ్లవచ్చు.

ఐదు యాక్సిస్‌ల గురించి తొందర వద్దు. నిజంగా ఐదూ ఒకేసారి కదలాల్సిన పార్టులు తక్కువ. చాలా షాపుల్లో రెండు యాక్సిస్‌లు తిప్పి లాక్ చేసి, మిగతా మూడింటితో కోస్తారు. ఒకే బిగింపులో ఐదు ముఖాలు అయిపోవడమే అక్కడి లాభం.

మెట్టు 6: 3డీ ప్రింటింగ్, భ్రమలు వదిలి

చక్ హల్ స్టీరియోలిథోగ్రఫీకి 1984లో పేటెంట్ దరఖాస్తు చేశారు, 1986లో వచ్చింది. ఐఎస్ఓ, ఏఎస్‌టీఎం ఉమ్మడి ప్రమాణం 52900 ఈ రంగాన్ని ఏడు కుటుంబాలుగా విడగొట్టింది. ఏడూ బట్టీ పట్టకండి. ప్లాస్టిక్ తీగ కరిగించి పేర్చే పద్ధతి చేత్తో నేర్చుకోండి, లేజర్‌తో లోహపు పొడి కరిగించే పద్ధతి అర్థం చేసుకోండి. ప్రస్తుతానికి అంతే.

హౌసింగ్‌ను ప్లాస్టిక్‌లో ప్రింట్ చేసి బోర్ కొలవండి. చాలావరకు 52 కంటే చిన్నదిగా వస్తుంది. తర్వాత అదే హౌసింగ్‌ను పడుకోబెట్టి ఒకటి, నిలబెట్టి ఒకటి ప్రింట్ చేసి, బోల్టు చెవులను విరగ్గొట్టి చూడండి. పొరల మధ్య అతుకు మీద లాగే దిశలో తేలిగ్గా ఊడుతుంది. ఈ ఒక్క ప్రయోగం పదార్థపు దిశాబలం గురించి ఒక అధ్యాయం చదివినంత నేర్పుతుంది.

లోహపు ప్రింటింగ్‌లో పొర మందం పదుల మైక్రాన్లలో ఉంటుంది. కరిగిన ప్రతి చుక్కా చుట్టూ ఉన్న చల్లని లోహం మీద గడ్డకట్టి లాగుతుంది కాబట్టి పార్టు నిండా ఒత్తిడి పేరుకుంటుంది. అందుకే సపోర్టులు బరువు మోయడానికే కాదు, పార్టును ప్లేటుకు కట్టి ఉంచడానికి, వేడిని కిందికి పంపడానికి కూడా. ఒత్తిడి తగ్గించే హీట్ ట్రీట్‌మెంట్ చేయకుండా ప్లేటు నుంచి కోసేస్తే పార్టు కళ్లముందే వంగిపోవచ్చు. అల్యూమినియం, టైటానియం పొడులు నిప్పంటుకునేవి, శిక్షణ లేకుండా వాటి జోలికి పోవద్దు. ఇంతా చేసి, 52 హెచ్7 బోర్ ప్రింటర్ నుంచి నేరుగా రాదు. బోర్‌లో అదనపు లోహం వదిలి ప్రింట్ చేసి, చివరికి బోరింగ్ మెషీన్ మీదకే తేవాలి.

మెట్టు 7: అదే పార్టుకు నాలుగు ప్రాసెస్ ప్లాన్లు రాయండి

ఇప్పుడు కాగితం ముందు కూర్చోండి. ఒకటి దిమ్మనుంచి కోయడం, రెండు పోత పోసి బోర్ చేయడం, మూడు ప్లేట్లు వెల్డ్ చేసి బోర్ చేయడం, నాలుగు ప్రింట్ చేసి బోర్ చేయడం. ప్రతి ప్లాన్‌లో వరస, బిగింపు, టూలు, కొలత రాయాలి. పోత ప్లాన్‌లో ప్యాటర్న్ అచ్చులోంచి ఊడిరావడానికి గోడలకు కాస్త ఏటవాలు, అల్యూమినియం కుంచించుకుపోవడానికి దాదాపు 1.3 శాతం అదనం, కోయాల్సిన ముఖాల మీద అదనపు లోహం చూపండి. వెల్డింగ్ ప్లాన్‌లో బోర్‌ను వెల్డింగ్‌కు ముందు పెట్టారా, మొదటికే మోసం. వేడి పనులన్నీ అయ్యాకే సైజు పని. నాలుగింటిలోనూ కామన్‌గా కనిపించేది ఒకటుంది: ముందు అడుగు కోయాలి, తర్వాత ఆ అడుగు మీదే కూర్చోబెట్టి బోర్ చేయాలి. డ్రాయింగ్‌లో మీరు పెట్టిన డేటమ్ ఏ ఇక్కడ పనికొచ్చింది.

ఏ ప్లాన్ మంచిదన్నది సంఖ్య చెప్తుంది. పోతకు ప్యాటర్న్, ఏర్పాట్లకు 2000 యూనిట్ల ఖర్చు, ఆపై పార్టుకు 5 అనుకుందాం. దిమ్మనుంచి కోయడానికి ఏర్పాట్లకు 100, పార్టుకు 24. తేడా 1900ను 19తో భాగిస్తే 100. వంద పార్టుల లోపు దిమ్మ, ఆపై పోత. అంకెలు ఊహించినవే, లెక్క మాత్రం ఏ షాపుకైనా ఇదే.

మెట్టు 8: ఒక పార్టు కాదు, వంద పార్టులు

ఒక్క బోర్ సైజుకు తేవడం నైపుణ్యం. వందా తేవడానికి గణాంకాలు కావాలి. వాల్టర్ షూహార్ట్ 1924లో గీసిన కంట్రోల్ చార్ట్ (కొలతలను వరసగా గుర్తించే పటం) ఇప్పటికీ షాపుల్లో పనిచేస్తోంది. బోర్ కొలతల ప్రామాణిక విచలనం 4 మైక్రాన్లు అనుకుంటే, 30 మైక్రాన్ల టాలరెన్స్‌ను ఆరు విచలనాలతో, అంటే 24తో భాగిస్తే సీపీ (ప్రక్రియ సామర్థ్య సూచిక) 1.25. బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ సగటు మధ్యలో లేకుండా 52.020 దగ్గర ఉంటే పై హద్దుకు మిగిలింది 10 మైక్రాన్లే. దాన్ని మూడు విచలనాలతో, అంటే 12తో భాగిస్తే సీపీకే (సగటు ఎక్కడుందో కూడా లెక్కలో పెట్టే సూచిక) 0.83. చాలాచోట్ల అడిగే 1.33కు ఇది బాగా దూరం.

బోరింగ్ టూలు అరిగేకొద్దీ బోర్ చిన్నదవుతూ వస్తుంది. చార్ట్ మీద బిందువులు మెట్లు దిగినట్టు కిందికి జారుతుంటే అది అరుగుదల, ఆఫ్‌సెట్ సవరించండి లేదా ఇన్సర్ట్ మార్చండి. ఉన్నట్టుండి ఎగిరితే చిప్ ఇరుక్కుందో, బిగింపు కదిలిందో చూడండి. సెన్సర్లు, ఎంటీకనెక్ట్, ఓపీసీ యూఏ లాంటి ప్రోటోకాల్స్‌తో మెషీన్ల డేటా లాగడం, డిజిటల్ ట్విన్లు (మెషీన్ల కంప్యూటర్ నకళ్లు), ఇండస్ట్రీ 4.0 అంటున్నదంతా ఈ చార్టుకు కొనసాగింపే. ముందు పాతిక పార్టుల చార్ట్ కాగితం మీద చేత్తో గీయండి. ఆ తర్వాత పైథాన్‌లో చేయండి. ఏ డేటా ఎందుకు కావాలో తెలియకుండా డ్యాష్‌బోర్డులు కడితే రంగులు తప్ప ఏమీ మిగలవు.

తర్వాతి పార్టు

హౌసింగ్ పూర్తయ్యాక రెండో పార్టుగా దాని మీద బిగించే ప్లాస్టిక్ మూత తీసుకోండి, ఇంజెక్షన్ మోల్డింగ్ కోసం. ఇక్కడ నియమాలు మారిపోతాయి. గోడ మందం అంతటా ఒకేలా ఉండాలి, లేకపోతే మందంగా ఉన్నచోట ఆలస్యంగా చల్లారి పైన గుంట పడుతుంది. అచ్చులోంచి ఊడిరావడానికి గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఇవ్వాలి. బలం కోసం గోడ మందం పెంచకుండా రిబ్బులు పెట్టాలి, ఆ రిబ్బుల మందం గోడ మందంలో సుమారు సగం, అరవై శాతం మించకుండా. ఇంట్లో ఉన్న ఏ ప్లాస్టిక్ డబ్బా మూతనైనా తిరగేసి చూడండి. రెండు సగాలు కలిసిన గీత, ప్లాస్టిక్ లోపలికి వచ్చిన గేటు మచ్చ, బయటకు నెట్టిన ఎజెక్టర్ పిన్నుల గుండ్రటి గుర్తులు కనిపిస్తాయి. వాటి చోటును బట్టి ఆ అచ్చు ఎటు తెరుచుకుంటుందో, పార్టు ఏ సగానికి అంటుకుని ఉండిపోయిందో గీసి చూపించండి. తర్వాత మీ హౌసింగ్ మూతకు అదే అచ్చు బొమ్మ గీయండి.